ఇంటి గడప నుంచి మళ్లీ ఇంటి గడప దాకా: అందరూ ఎక్కగలిగే బస్సులు, రైళ్లు ప్లాన్ చేయడం ఎలా

కొత్త బస్సులొచ్చాయి, ఒకసారి ఎక్కి చూసి చెప్పండి అని ఒక రవాణా కార్యాలయం వాళ్లు నన్ను పిలిచారు. బస్సు నిజంగా బాగుంది. అడుగు కిందికి ఉంది, తలుపు వెడల్పుగా ఉంది, తలుపు దగ్గర మడత ర్యాంప్ ఉంది. డిపోలో ఎక్కి దిగినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. మధ్యాహ్నం అదే బస్సును మామూలు స్టాపులో ఎక్కుదామని వెళ్లాను. స్టాపు ముందు రెండు కార్లు ఆపి ఉన్నాయి. డ్రైవర్ ఫుట్‌పాత్ పక్కకు రాలేక బస్సును రోడ్డు మధ్యలోనే ఆపాడు. ర్యాంప్ వెళ్లి రోడ్డు మీద పడింది. రోడ్డు నుంచి బస్సు అడుగు ఎత్తు 32 సెంటీమీటర్లు, ర్యాంప్ పొడవు మీటరు. అంటే మూడడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు పైకి ఎక్కాలి. ఇద్దరు వెనక నుంచి నెట్టినా నా కుర్చీ వెనక్కే వాలిపోయింది. అదే బస్సు 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగి ఉంటే, ఎక్కాల్సింది 17 సెంటీమీటర్లే. దాదాపు ఆరుకు ఒకటి వాలు. కాస్త సాయం ఉంటే ఎక్కేసేదాన్ని.

బస్సూ స్టాపూ కలిపి ఒకే యంత్రం అని ఆ రోజు రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను. ఒకదాన్ని కొని రెండోదాన్ని వదిలేస్తే రెండూ లేనట్టే.

నేను 19 ఏళ్లుగా చక్రాల కుర్చీలో తిరుగుతున్నాను. అందులో 11 ఏళ్లుగా రవాణా ప్రణాళికలు వేసేవాళ్లతో కలిసి స్టాపులు, స్టేషన్లు, బస్సులు తనిఖీ చేస్తున్నాను. ఈ పని కొత్తగా చేతికొచ్చిన ఇంజనీర్లు, మునిసిపల్ ఉద్యోగులు, వికలాంగుల సంఘాలవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని తరచూ అడుగుతుంటారు. వాళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క ప్రయాణాన్ని పట్టుకోండి

ర్యాంపుల జాబితాతోనో లిఫ్టుల జాబితాతోనో మొదలుపెట్టొద్దు. ఒక మనిషిని, ఒక ప్రయాణాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు చూపులేని ఒక అమ్మాయి ఇంటి నుంచి కాలేజీకి వెళ్లి సాయంత్రం తిరిగి రావాలి. లేదా మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి రావాలి. ఆ ప్రయాణంలోని ప్రతి అంచెనూ ఒక కాగితం మీద వరసగా రాయండి. ఏ బస్సు ఎన్నింటికో తెలుసుకోవడం, ఇంటి నుంచి స్టాపు దాకా నడక, రోడ్డు దాటడం, ఎదురుచూడటం, వచ్చింది తన బస్సేనని గుర్తుపట్టడం, ఎక్కడం, టికెట్ తీసుకోవడం, కూర్చోవడం, దిగాల్సిన చోటు తెలుసుకోవడం, దిగడం, ఇంకో బస్సుకు మారడం, మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లడం, గమ్యం గుమ్మం దాటడం. ఆ తర్వాత ఇదంతా వెనక నుంచి ముందుకు, చీకటి పడ్డాక.

ఇంత వివరంగా ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. ప్రయాణంలో పది అంచెలున్నాయి, ఒక్కో అంచె పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా పనిచేస్తుంది అనుకోండి. వినడానికి బాగానే ఉంది. కానీ పదీ ఒకేసారి సరిగ్గా ఉండే అవకాశం నూటికి 35 మాత్రమే. మూడుసార్లు బయల్దేరితే రెండుసార్లు ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. రెండుసార్లు అలా ఆగిపోయిన మనిషి మూడోసారి ఇంట్లోంచి బయటికి రాడు. అప్పుడు ఆఫీసులో లెక్కలు చూసి 'ఈ రూట్లో వికలాంగులెవరూ ఎక్కడం లేదు' అంటారు. ఈ మాట ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్కలేదు. ఎక్కడం లేదన్నది అవసరం లేకపోవడానికి రుజువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం భూమ్మీద దాదాపు 130 కోట్లమందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. మీ బస్సులో ఆరుగురికి ఒకరు కనిపించకపోతే మిగతావాళ్లు ఎక్కడున్నారో వెతకండి.

డబ్బు తక్కువగా ఉంటే ఊరంతా తలా ఒక ర్యాంప్ పంచకండి. ఒక రూటును మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా, ఆ స్టాపులకు చేరే దారులతో సహా పూర్తిగా బాగుచేయండి. తర్వాత రెండో రూటు. పూర్తయిన ఒక్క రూటు మనిషికి ఉద్యోగం ఇస్తుంది. సగం సగం బాగుపడిన పది రూట్లు ఎవరినీ ఎక్కడికీ చేర్చవు.

ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

డ్రాయింగు ఇంకా పెన్సిల్‌తో ఉన్నప్పుడే పిలవాలి. టెండర్ ఖరారయ్యాక పిలిస్తే మేం చెప్పేవన్నీ 'అదనపు ఖర్చు' అయిపోతాయి. 2006లో ఆమోదం పొందిన ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 9వ అధికరణం రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. అంతకంటే ముందే 4వ అధికరణంలో, నిర్ణయాలు తీసుకునేటప్పుడు వికలాంగులను వాళ్ల సంఘాల ద్వారా సంప్రదించి తీరాలని ఉంది. ఈ రెండోదాన్ని చాలామంది చదవరు.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైళ్లు 1972లో మొదలయ్యాయి. అవి కట్టేటప్పుడే హెరాల్డ్ విల్సన్ అనే వీల్‌చెయిర్ వాడే వ్యక్తి అధికారుల వెంటపడి లిఫ్టుల అవసరం ఒప్పించాడు. అదే దేశంలో డెన్వర్‌లో అలా జరగలేదు. 1978 జులైలో 19 మంది వికలాంగులు తామూ ఎక్కగలిగే బస్సుల కోసం నడిరోడ్డు మీద బస్సులకు అడ్డంగా నిలిచి రాత్రంతా అక్కడే ఉండాల్సి వచ్చింది. ముందు పిలవడమా, తర్వాత రోడ్డు మీద కలుసుకోవడమా అన్నది ప్లాన్ చేసేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

పిలిచేటప్పుడు నాలాంటి వాళ్లను ఒక్కరిని పిలిచి సరిపెట్టుకోవద్దు. వీల్‌చెయిర్ బొమ్మ చూసీ చూసీ వైకల్యమంటే అదేనని చాలామంది అనుకుంటారు. చేత్తో తోసుకునే కుర్చీవాళ్లు, బరువైన బ్యాటరీ కుర్చీవాళ్లు, చంకకర్రలతో నడిచేవాళ్లు, తెల్లకర్రతో నడిచేవాళ్లు, చూపు కొంతే ఉన్నవాళ్లు, వినపడనివాళ్లు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, ఎత్తు బాగా తక్కువ ఉన్నవాళ్లు, బయటికి ఏమీ కనిపించకపోయినా పది నిమిషాలు నిలబడలేనివాళ్లు. అందరూ కావాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో తల్లిదండ్రులను మాత్రమే పిలిచి ఊరుకోవద్దు, వాళ్లనే అడగండి. సంజ్ఞాభాష తెలిసినవాళ్లను ఏర్పాటు చేయండి. రానూపోనూ ఛార్జీలు, రోజు కూలీ ఇవ్వండి. ఇంజనీరుకు జీతం ఇచ్చి, ఆయన తప్పు పట్టుకునే మనిషిని ఉచితంగా రమ్మనడం న్యాయం కాదు.

అధికారుల కళ్లకు గంతలు కట్టి పది నిమిషాలు నడిపించే కార్యక్రమాలు పెడుతుంటారు. నేను వాటికి వెళ్లను. హఠాత్తుగా చూపు పోయినవాడి భయం అందులో తెలుస్తుందేమో గానీ, ఇరవై ఏళ్లుగా తెల్లకర్రతో తిరిగే మనిషి దేన్ని వింటూ, దేన్ని తాకుతూ దారి పట్టుకుంటాడో తెలియదు. ఆ మనిషి వెనకే నడవండి. ఎక్కడ ఆగాడో అక్కడ ఎందుకాగాడని అడగండి.

మాలో మాకూ తేడాలొస్తాయి. ఒకసారి రోడ్డు దాటే చోట ఫుట్‌పాత్ అంచును పూర్తిగా రోడ్డుతో సమానం చేయాలని నేను పట్టుబట్టాను. అప్పుడు చూపులేని నా స్నేహితురాలు, 'ఆ అంచు తీసేస్తే నేను ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదకు వచ్చానని నాకెలా తెలుస్తుంది?' అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. సమానం చేసిన చోట మొత్తం వెడల్పునా బుడిపెల పలకలు పరిచాం. కర్రకూ, పాదానికీ తగులుతాయి, నా చక్రాలను ఆపవు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం కాబట్టే ఇది తేలింది.

టేపు, రసమట్టం పట్టుకుని బయల్దేరండి

నా సంచిలో ఐదు మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే 60 సెంటీమీటర్ల రసమట్టం, ఒక ఫోను ఉంటాయి. వాటితో తొంభై శాతం పని అయిపోతుంది.

వాలు కొలవడం చాలా తేలిక. రసమట్టాన్ని ర్యాంప్ మీద పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా పల్లం వైపు కొసను పైకెత్తండి. ఆ కొస కింద ఖాళీ 5 సెంటీమీటర్లుంటే వాలు పన్నెండుకు ఒకటి. చాలా దేశాల ప్రమాణాల్లో అంతకు మించి నిటారుగా ఉండకూడదు. 3 సెంటీమీటర్లుంటే ఇరవైకి ఒకటి, చాలా హాయిగా ఉంటుంది. ఒకే వాలు పొడవుగా సాగితే చేతులు పడిపోతాయి. 75 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కేలోపు ఒకటిన్నర మీటరు చదునైన చోటు ఉండాలి. ర్యాంప్ పక్కకు ఒరిగి ఉందేమో కూడా అడ్డంగా పెట్టి చూడండి. అలా ఒరిగినదాని మీద ఒక చేత్తోనే కుర్చీని లాగుతూ ఉండాలి, భుజం పోతుంది.

ఒక వీల్‌చెయిర్ నిలవడానికి 120 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. తిరగడానికి ఒకటిన్నర మీటరు వ్యాసమున్న చోటు కావాలి. రెండు కుర్చీలు ఎదురుపడి దాటుకోవాలంటే దారి 180 సెంటీమీటర్లుండాలి. తలుపుకు, గేటుకు, బైకులు రాకుండా పాతే స్తంభాల మధ్య ఖాళీకి 90 సెంటీమీటర్లు. బైకులను ఆపాలని 60 సెంటీమీటర్లకు స్తంభాలు పాతిన చోట్లు చాలా చూశాను. బైకులు పక్క నుంచి ఎలాగోలా వెళ్లిపోతాయి, ఆగిపోయేది మేమే.

చూపులేనివాళ్ల కోసం నేల మీద పరిచే పలకలను జపాన్‌కు చెందిన సెయిచి మియాకే 1965లో రూపొందించారు. 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. వాటికి ఒక భాష ఉంది. గుండ్రటి బుడిపెలంటే 'ఆగు, చూసుకో'. పొడవాటి గీతలంటే 'ఇటే నడువు'. పరిచే మేస్త్రీకి ఈ ఒక్క సంగతి చెప్పకపోవడం వల్ల గీతలు కరెంటు స్తంభం దాకా వెళ్లిన చోట్లున్నాయి, రెండు రకాలూ అందం కోసం కలిపి పరిచిన చోట్లున్నాయి. పని మొదలయ్యే రోజు పొద్దున మేస్త్రీతో పది నిమిషాలు మాట్లాడండి. వీలైతే తెల్లకర్రతో నడిచే ఒకరిని పక్కన పెట్టుకుని మాట్లాడండి. నా అనుభవంలో ఒకసారి అర్థమైతే మేస్త్రీలే ఎంతో శ్రద్ధగా పరుస్తారు.

చూపు కొంతే ఉన్నవాళ్ల కోసం ఫోనుతో చిన్న పరీక్ష చేయండి. మెట్లను, ప్లాట్‌ఫాం అంచును, బస్సులోని పట్టుకునే కడ్డీలను ఫోటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. మెట్టు అంచు నేలలో కలిసిపోయిందంటే వాళ్లకూ అలాగే కలిసిపోతుంది. ఎరుపు మీద ఆకుపచ్చ మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, ఆ ఫోటోలో చాలాసార్లు రెండూ దాదాపు ఒకే బూడిద రంగై కూర్చుంటాయి.

స్టాపు దగ్గర

మొదట చెప్పిన స్టాపుకు వస్తాను. బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగాలంటే స్టాపుకు ముందూ వెనకా వాహనాలు ఆపకుండా ఉండాలి. లోపలికి మలుపు తీసి కట్టిన స్టాపుల్లో పొడవైన బస్సు సమాంతరంగా రాలేదు, తోక బయటే ఉండిపోతుంది. ఫుట్‌పాత్‌నే రోడ్డు వైపు కొంచెం ముందుకు జరిపితే డ్రైవర్ తిన్నగా వచ్చి తిన్నగా ఆపుతాడు. బస్సు అడుగును దించడం కాకుండా స్టాపునే పైకి లేపే పద్ధతీ ఉంది. బ్రెజిల్‌లోని కురిచీబాలో 1991 నుంచి గొట్టాల ఆకారపు స్టేషన్లలో అలాగే చేశారు. బస్సు తలుపు, స్టేషన్ అరుగు ఒకే ఎత్తులో కలుస్తాయి, టికెట్ ముందే తీసుకుంటారు. అప్పుడు అందరూ తొందరగా ఎక్కేస్తారు, బ్యాగులవాళ్లు, పసిబిడ్డల తల్లులు కూడా.

ఎక్కే తలుపుకు ఎదురుగా చెత్తడబ్బా, ప్రకటనల బోర్డు, చెట్టు తొట్టి లేకుండా చూడండి. బెంచీ పక్కన నీడలోనే ఒక కుర్చీకి చోటు వదలండి. ఎండలో విడిగా కాదు.

రైళ్ల దగ్గర రెండే మాటలు చెబుతాను. ప్లాట్‌ఫాంకూ పెట్టెకూ మధ్య సందులో నా కుర్చీ ముందున్న చిన్న చక్రం పక్కకు తిరిగితే ఇరుక్కుపోతుంది. బ్రిటన్ నిబంధనల్లో ఆ సందు 75 మిల్లీమీటర్లు గానీ, ఎత్తు తేడా 50 మిల్లీమీటర్లు గానీ దాటితే ర్యాంప్ వేయాలి. రెండో మాట లిఫ్టు గురించి. ఒక్క లిఫ్టు మీద ఆధారపడిన స్టేషన్, ఆ లిఫ్టు చెడిపోయిన రోజు మా పాలిట మూసేసిన స్టేషనే. రెండో లిఫ్టుకు డ్రాయింగులోనే చోటు పెట్టండి. కుదరకపోతే లిఫ్టు పనిచేయడం లేదన్న సంగతి నేను ఇంట్లో ఉండగానే తెలిసేలా చేయండి. కిందికి దిగాక తెలిస్తే నా దగ్గర దారేమీ ఉండదు.

ఒక సంగతిని రెండు రకాలుగా చెప్పండి

వినిపించేది కనిపించాలి, కనిపించేది వినిపించాలి. వినపడని నా సహోద్యోగి ఒక సాయంత్రం ప్లాట్‌ఫాం మీద ఉండగా రైలు వేరే ప్లాట్‌ఫాంకు మార్చామని మైకులో చెప్పారు. బోర్డు మీద మాత్రం మార్చలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా పరిగెత్తారు. ఏదో ప్రమాదం జరిగిందనుకుని ఆయనకు కాళ్లు వణికాయట. రైలు తప్పిపోవడం కంటే ఆ టెన్షనే ఎక్కువ రోజులు వెంటాడిందని చెప్పారు.

బస్సు ఆగగానే నంబరు, ఎక్కడికి వెళ్తుందో బయటికి వినిపించాలి. లోపల తర్వాతి స్టాపు పేరు మాటగా, అక్షరాలుగా రావాలి. టికెట్ కిటికీ దగ్గర వినికిడి యంత్రాలకు నేరుగా శబ్దం అందించే లూప్ పెడితే, దాని గుర్తు కూడా కనిపించేలా పెట్టండి, లేకపోతే ఉందని ఎవరికీ తెలియదు. 1969లో మొదలైన మెక్సికో సిటీ మెట్రోలో ప్రతి స్టేషన్‌కూ పేరుతో పాటు ఒక బొమ్మ ఉంది. చదవలేనివాళ్లు బొమ్మను బట్టి దిగుతారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఇది ఎంత ఆసరానో నాకు తెలిసిన ఒక అబ్బాయిని చూసి అర్థమైంది. నెలల తరబడి నేర్చుకుని ఒక రూటులో ఒంటరిగా వెళ్లి రాగలిగాడు. ఒకరోజు రూటు నంబరు మారింది, ముందుగా చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు తర్వాత మళ్లీ ఒంటరిగా వెళ్లడానికి చాలాకాలం పట్టింది. అలాంటి మార్పులకు కనీసం నెల ముందు బొమ్మలతో, చిన్న మాటలతో నోటీసు పెట్టండి.

డ్రైవర్‌కు సమయం ఇవ్వండి

డ్రైవర్లు ఆపడం లేదన్న ఫిర్యాదు ప్రతిచోటా వింటాను. కోపం నాకూ వస్తుంది. కానీ టైంటేబుల్ తెప్పించుకుని చూడండి. నేను గడియారం పెట్టి చూసినప్పుడు, చేత్తో ర్యాంప్ వేసి, కుర్చీని చోటులో నిలిపి, బెల్టు కట్టి మళ్లీ కదలడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ట్రిప్పు టైంలో ఆ మూడు నిమిషాలు లేకపోతే నన్ను ఎక్కించుకున్న డ్రైవర్ ఆలస్యమై మాట పడతాడు, ఎక్కించుకోకుండా వెళ్లినవాడు టైంకు చేరతాడు. టైంటేబుల్ రాసేవాళ్లను కూడా శిక్షణకు కూర్చోబెట్టండి. డ్రైవర్లకు శిక్షణ ఇచ్చేది వికలాంగులే కావాలి. నన్ను అడక్కుండా నా కుర్చీ పట్టుకుని నెట్టకూడదని, చూపులేని మనిషిని లాక్కెళ్లకుండా మోచెయ్యి అందించాలని మేమే చేసి చూపిస్తే గుర్తుంటుంది.

కుర్చీ చోటులో వేరేవాళ్లుంటే ఏం చేయాలో ముందే రాసిపెట్టండి. బ్రిటన్‌లో 2012లో డగ్ పాలీ అనే ప్రయాణికుడు ఒక పసిబిడ్డ బండి ఆ చోటులో ఉన్నందువల్ల బస్సెక్కలేకపోయాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డ్రైవర్ ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదని, అవసరమైతే కాసేపు బస్సు ఆపైనా గట్టిగా చెప్పి చూడాలని 2017లో కోర్టు అంది. డ్రైవర్‌కు ఆ భరోసా మీ రూలు పుస్తకం ఇవ్వాలి.

మామూలు బస్సు అసలు ఎక్కలేనివాళ్లకు ఇంటికొచ్చే వ్యాన్ కూడా ఉండాలి. అమెరికా చట్టంలో బస్సు రూటుకు ఇరువైపులా ముప్పావు మైలు దాకా ఆ సేవ ఇవ్వాలని ఉంది. కానీ వ్యాన్ ఉంది కదా అని బస్సును వదిలేయొద్దు. వ్యాన్‌కు ముందురోజే చెప్పుకోవాలి. స్నేహితురాలు ఫోన్ చేసి ఇప్పుడు రా అంటే వెళ్లాలని నాకూ ఉంటుంది.

ఒప్పందంలో రాయనిది జరగదు

ర్యాంప్ ఎంత బరువు మోయాలి, మైకు పాడైతే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, లిఫ్టు నెలకు ఎన్ని గంటలు ఆగితే కాంట్రాక్టర్ ఎంత కట్టాలి, ఇవన్నీ టెండర్‌లోనే అంకెలతో ఉండాలి. చివరి బిల్లు చెల్లించేముందు వికలాంగుల బృందం మొత్తం ప్రయాణం చేసి సంతకం పెట్టాలని కూడా రాయండి. నేను ఇదొక్కటి రాయించగలిగిన చోట్ల మిగతావన్నీ వాటంతటవే సర్దుకోవడం చూశాను. పొద్దున బస్సు డిపో దాటేముందు ర్యాంప్ ఒకసారి తెరిచి మూయడం, బ్రేకులు చూసుకోవడంలాగే రోజువారీ పట్టికలో చేర్చండి. వాడని ర్యాంప్ మట్టి పట్టి బిగుసుకుపోతుంది.

సంతకానికి ముందు ప్రయాణం ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, కుదిరితే ఒకసారి వానలో చేయండి. వానలో నునుపు టైల్స్ మీద చంకకర్ర జారుతుందా లేదా అన్నది ఏ డ్రాయింగులోనూ కనిపించదు.

నేను ఎక్కలేకపోయిన ఆ స్టాపును తర్వాత మార్చారు. ఫుట్‌పాత్ ముందుకొచ్చింది, కార్లు ఆపే వీల్లేకుండా పోయింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు అక్కడే ఎక్కుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు దిగే ఎదురు స్టాపులో మాత్రం షెల్టర్ స్తంభానికీ ఫుట్‌పాత్ అంచుకూ మధ్య 68 సెంటీమీటర్లే ఉంది. అందుకని ఒక స్టాపు ముందే దిగి, మిగతా దూరం రోడ్డు అంచు వెంట వస్తున్నాను. ఆ కొలత రాసి, ఫోటో జోడించి ఇచ్చాను. వచ్చే నెల తనిఖీ జాబితాలో మొదటి పేరు అదే.